రంగు మారితే తెర మార్చాల్సిందేనా?

తెర గులాబీ రంగులోకి తిరిగిందనో, తెల్లగా ఉండాల్సిన పేజీ పసుపుగా ఉందనో, నిలువునా ఆకుపచ్చ గీత పడిందనో సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో మా రిపేరు బల్ల దగ్గరికి ల్యాప్‌టాప్ పట్టుకొస్తుంటారు. వాళ్లలో చాలామంది ఇంటి దగ్గరే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు. "డిస్‌ప్లే పోయిందన్నా, కొత్తది ఎంతవుతుంది?" అన్నదే మొదటి ప్రశ్న. పక్కనే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. మేమంతా సీటీసీ అంటాం. మామూలు సైజుల ప్యానెళ్లు అక్కడ సులువుగానే దొరుకుతాయి. పాతది తీసి కొత్తది బిగించడం చేయి తిరిగినవాడికి పెద్ద పనేమీ కాదు. అందుకే లోపం ఎక్కడుందో చూడకుండానే ప్యానెల్ మార్చేసే అలవాటు ఈ వ్యాపారంలో బలంగా పాతుకుపోయింది.

ఇన్నేళ్ల పనిలో నాకు గట్టిగా తెలిసింది ఒకటుంది. రంగు తేడా కనిపించేది తెర మీదే అయినా, చెడింది ప్రతిసారీ తెరే కాదు. కేబుల్ ఖర్చు సాధారణంగా వందల్లో పోతుంది, ప్యానెల్ ఖర్చు వేలల్లో ఉంటుంది. సెట్టింగ్ మార్చుకోవడానికైతే రూపాయి కూడా అక్కర్లేదు. ఈ మూడింటిలో మీది ఏదో తేల్చుకునే పరీక్షల్లో చాలావరకు స్క్రూడ్రైవర్ ముట్టకుండా ఇంట్లోనే చేసుకోవచ్చు.

రంగు ఎలా వస్తుంది?

ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చిన్న గడులుంటాయి. ఒక్కో గడిని 256 మెట్లలో వెలిగించగలిగితే 1,67,77,216 రంగులు వస్తాయి. చవక ప్యానెళ్లలో చాలావాటికి ఉండేది 64 మెట్లే. మిగతా రంగుల్ని పక్కపక్క మెట్ల మధ్య వేగంగా మార్చుతూ కంటికి ఉన్నట్టు చూపిస్తాయి. ఆకాశం ఫొటోలో నీలం సాఫీగా కలవకుండా పట్టీలు పట్టీలుగా కనిపిస్తే కారణం ఇదే కావచ్చు. అది ఆ ప్యానెల్ స్థాయి, రిపేరుకు వచ్చిన లోపం కాదు.

ఎల్‌సీడీలో ఈ గడులు సొంతంగా వెలగవు. వెనక ఉండే తెల్లని బ్యాక్‌లైట్‌ను ఎంత వదలాలో, ఎంత ఆపాలో మాత్రమే చూసుకుంటాయి. ఆ తెల్లని వెలుగు కూడా సాధారణంగా నీలి ఎల్‌ఈడీ మీద పసుపు వెలుగునిచ్చే పూత వేసి తయారుచేసిందే. సమర్థమైన నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. పూతలో కాస్త తేడా వచ్చినా తెలుపు ఛాయ మారుతుంది. ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లు రెండు పక్కపక్కన పెడితే ఒకటి కొంచెం నీలంగా, ఇంకోటి కొంచెం పసుపుగా కనిపించడం అందుకే.

ప్రోగ్రాము నుంచి గ్రాఫిక్స్ చిప్పుకు, చిప్పు నుంచి కేబుల్‌కు, కేబుల్ నుంచి ప్యానెల్ అంచున ఉండే చిన్న బోర్డుకు, అక్కణ్నుంచి గడులకు. రంగు నడిచే దారి ఇదీ. ఈ దారిలో ఎక్కడ చెడిందో తెలియాలంటే ముందుగా ఖాళీ తెల్ల పేజీ తెరిచి చూడండి. మూడు రంగులూ నిండుగా వెలిగితేనే తెలుపు. ఆకుపచ్చ అందకపోతే ఆ పేజీ ముదురు గులాబీగా కనిపిస్తుంది. ఎరుపు అందకపోతే నీలి ఆకుపచ్చగా, నీలం అందకపోతే పసుపుగా మారుతుంది. తెర ఏ రంగులోకి తిరిగిందో చూస్తే ఏ రంగు అందడం లేదో తెలుస్తుంది. మేము పని మొదలుపెట్టేది ఇక్కడే.

ముందు సెట్టింగులు చూడండి

తెర మొత్తం సమానంగా పసుపో నారింజో అయి, అది కూడా సాయంత్రం పూటే వస్తుంటే మొదట నైట్ లైట్ చూడండి. 2017లో విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చిన ఈ సదుపాయం నీలాన్ని తగ్గించి తెరను వెచ్చగా చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరిస్తే ఆపేయవచ్చు. కొత్త మ్యాక్‌బుక్‌లలో నైట్ షిఫ్ట్, ట్రూ టోన్ అనే రెండూ ఇలాంటి పనే చేస్తాయి.

తెర ఉన్నట్టుండి నలుపు తెలుపుల్లోకి మారిపోయిందని ఒక ఇంజినీరింగ్ అమ్మాయి ఏడుపు ముఖంతో వచ్చింది. మర్నాడు ప్రాజెక్టు వైవా. విండోస్‌లో చూపు తేడా ఉన్నవాళ్ల కోసం కలర్ ఫిల్టర్లు ఉంటాయి. వాటికి షార్ట్‌కట్ అనుమతి ఇచ్చి ఉంటే విండోస్, కంట్రోల్, సీ కీలు కలిపి నొక్కగానే రంగులు పోతాయి. ఏదో కాపీ చేయబోయి ఆ మూడూ నొక్కేసింది. మళ్లీ అవే నొక్కితే రంగులు తిరిగొచ్చాయి. షార్ట్‌కట్ పనిచేయకపోతే యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో కలర్ ఫిల్టర్స్ ఆపేస్తే చాలు.

ఛార్జర్ పెట్టినప్పుడు రంగులు బాగుండి, తీయగానే వెలవెలబోతే అది బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటు. ఏఎమ్‌డీ ల్యాప్‌టాప్‌లలో దాని పేరు వారీబ్రైట్. ఇంటెల్ వాటిలో డిస్‌ప్లే పవర్ సేవింగ్. గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఆపేసి చూడండి. ఫొటోలు తెరిచే ప్రోగ్రాములోనే తెలుపు పసుపుగా కనిపించి మిగతా చోట్ల మామూలుగా ఉంటే కలర్ ప్రొఫైల్ చెడినట్టు. విండోస్ వెతుకు పెట్టెలో కలర్ మేనేజ్‌మెంట్ అని కొట్టి, మీ డిస్‌ప్లేకు ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌ను డిఫాల్ట్‌గా పెట్టి చూడండి.

అప్‌డేట్ అయిన వెంటనే రంగులు తేడాకొస్తే డ్రైవర్ మీద అనుమానపడాలి. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెర ఒక్క క్షణం ఆరి వెలుగుతుంది, తెరిచిన ఫైళ్లకు ఏమీ కాదు. అయినా మారకపోతే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ తెరిచి రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కి పాత డ్రైవర్‌కు వెళ్లండి. ఆ బటన్ వెలగకపోతే ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి మీ మోడల్ డ్రైవర్ తెచ్చుకుని వేసుకోండి.

ల్యాప్‌టాప్‌లో ఏ లోపమూ లేని సందర్భాలూ ఉంటాయి. తిరుమలగిరి నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు వచ్చారు. "బాబూ, తెర ఈమధ్య మరీ నీలంగా కొడుతోంది" అన్నారు. నాకేమీ తేడా కనిపించలేదు. మాటల్లో ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయిందని తెలిసింది. "సార్, ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది" అన్నాను. ఆపరేషన్ కాని కంటికి తెల్ల పేజీ పసుపుగా, అయిన కంటికి నీలంగా కనిపించింది. వయసుతోపాటు కంటి కటకం పసుపెక్కి నీలాన్ని కొంత ఆపేస్తుంది. దాన్ని తీసి స్వచ్ఛమైన కటకం పెట్టాక ఆ నీలం మళ్లీ లోపలికి వస్తుంది. రంగు తేడా కనిపించినప్పుడు ఇంట్లో మరొకరికి కూడా చూపించమని నేను చెప్పేది ఇందుకే.

మూడు పరీక్షలు

సెట్టింగులన్నీ సరిగానే ఉంటే మూడు పరీక్షలు చేయండి.

మొదటిది స్క్రీన్‌షాట్. తెర రంగు తేడాగా ఉన్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపుకోండి. స్క్రీన్‌షాట్‌లో ఉండేది కంప్యూటర్ తయారుచేసిన బొమ్మ, ప్యానెల్ చూపించిన బొమ్మ కాదు. ఫోన్‌లో కూడా గీతలో పిచ్చి గడులో కనిపిస్తే లోపం ప్రోగ్రాములోనో గ్రాఫిక్స్‌లోనో ఉంది. ఫోన్‌లో శుభ్రంగా ఉంటే లోపం ఆ తర్వాతి దారిలో ఉన్నట్టు. అయితే నైట్ లైట్ పసుపు స్క్రీన్‌షాట్‌లోకి రాదు కాబట్టి దాన్ని ముందే ఆపేయాలి.

రెండోది బయటి తెర. హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌తో ఇంట్లో టీవీకి కలపండి. టీవీ మీద బాగుండి ల్యాప్‌టాప్ మీద తేడాగా ఉంటే కేబుల్ లేదా ప్యానెల్. రెండింటి మీదా ఒకే తేడా ఉంటే డ్రైవర్ లేదా గ్రాఫిక్స్ చిప్పు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఒక జాగ్రత్త కావాలి. వాటిలో రెండు గ్రాఫిక్స్ చిప్పులుంటాయి. కొన్నింట్లో హెచ్‌డీఎమ్‌ఐ ఒక చిప్పుకు, లోపలి తెర ఇంకో చిప్పుకు కలిపి ఉంటాయి. అలాంటి చోట ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు.

మూడోది బయోస్. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే కంపెనీని బట్టి ఎఫ్2 గానీ, ఎఫ్10 గానీ, డిలీట్ గానీ నొక్కుతూ ఉంటే విండోస్ మొదలవకముందే బయోస్ తెర వస్తుంది. లోపం అక్కడా కనిపిస్తే విండోస్‌కు, డ్రైవర్‌కు సంబంధం లేదు. కంప్యూటర్ ఫార్మాట్ చేయించడం డబ్బు దండగ. చాలా డెల్ ల్యాప్‌టాప్‌లలో ఇంకో సౌకర్యం ఉంది. ఆఫ్ చేసి, డీ కీ నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కితే తెర నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మూడు రంగుల్లో ఏది మసకబారిందో, ఏ గీత ఏ రంగులో మాయమవుతోందో ఇక్కడ తేటగా తెలుస్తుంది.

హింజ్ దగ్గర దాగిన లోపం

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే కుర్రాడొకడు నల్లగొండ నుంచి వచ్చాడు. పెళ్లికూతురి ముఖం, పందిరి పూలు, పట్టుచీర అన్నీ ముదురు గులాబీలో మునిగిపోయాయి. ఇంకో చోట చూపిస్తే ప్యానెల్ మార్చాల్సిందే అన్నారట. తెల్ల పేజీ తెరిచి, మూత పై అంచు పట్టుకుని మెల్లగా వెనక్కి వాల్చాను. ఒక చోటికి రాగానే తెర తెల్లబడింది. ముందుకు లాగగానే మళ్లీ గులాబీ. మూత కదిలితే రంగు మారుతోందంటే మేము మొదట చూసేది కేబుల్‌నే.

బ్యాటరీ కనెక్టర్ తీసి, తెర చుట్టూ ఉండే ప్లాస్టిక్ ఫ్రేము విప్పాను. మదర్‌బోర్డు నుంచి వచ్చే డిస్‌ప్లే కేబుల్ ఎడమ హింజ్ పక్కనుంచి పైకి ఎక్కుతుంది. మూత తెరిచిన ప్రతిసారీ అది అక్కడ మెలి తిరుగుతుంది. పైన చుట్టిన నల్ల గుడ్డ టేపు హింజ్‌కు రాసుకుని నున్నగా అరిగిపోయింది. టేపు విప్పితే వెంట్రుకలంత సన్నని తీగల్లో రెండు పైతొడుగు లేచి రాగి మెరుస్తూ కనిపించాయి. ఒకటి సగం తెగి ఉంది. అది ఎల్‌వీడీఎస్ పద్ధతి ల్యాప్‌టాప్. ఆ పద్ధతిలో రంగుల సమాచారం జతల తీగల్లో వెళుతుంది. ఆరు బిట్ల, అంటే 64 మెట్ల ప్యానెళ్లలో ఎరుపు మొత్తం ఒక జతలో, ఆకుపచ్చలో ఎక్కువ భాగం రెండో జతలో ఉంటాయి. ఆ రెండో జత తెగింది కాబట్టే ఆకుపచ్చ పోయి గులాబీ మిగిలింది. కేబుల్ మార్చాం, ప్యానెల్ పాతదే. అతని రంగులు అతనికి తిరిగొచ్చాయి.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఈడీపీ పద్ధతి వచ్చింది. ఎల్‌వీడీఎస్‌ను 2013కల్లా వదిలేస్తామని ఇంటెల్, ఏఎమ్‌డీ 2010లోనే ప్రకటించాయి. ఈడీపీలో మూడు రంగుల సమాచారం కలిపి మూటలుగా వెళుతుంది. అందుకే కేబుల్ దెబ్బతింటే ఒక్క రంగు పోవడం కన్నా తెర మినుకుమినుకుమనడం, చుక్కలు చిమ్మినట్టు కనిపించడం, ఉన్నట్టుండి నల్లబడటం ఎక్కువ. లక్షణం మారినా పరీక్ష అదే. మూతను మెల్లగా కదిపి చూడాలి. ఖరీదైన వాటికీ ఈ బాధ తప్పలేదు. 2016 మోడల్ 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో డిస్‌ప్లే ఫ్లెక్స్ కేబుల్ అరిగి బ్యాక్‌లైట్ దెబ్బతినడంతో 2019 మేలో యాపిల్ ఉచిత రిపేరు పథకం ప్రకటించాల్సి వచ్చింది.

మీరే విప్పి చూడాలనుకుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. బ్యాటరీ కనెక్టర్ తీయకుండా డిస్‌ప్లే కేబుల్‌ను ముట్టుకోవద్దు. బ్యాక్‌లైట్‌కు వెళ్లే కరెంటు కూడా అదే కనెక్టర్‌లో ఉంటుంది. పిన్ను పక్కకు జరిగి షార్ట్ అయితే మదర్‌బోర్డు మీద ఫ్యూజ్ పోతుంది. అప్పటిదాకా రంగు లోపమే, ఆ తర్వాత తెరే వెలగదు.

ప్యానెల్ నిజంగా పోయినప్పుడు

పైనుంచి కిందిదాకా వెంట్రుకలా సన్నని గీత ఒకే రంగులో ఉండి, మూత ఎలా కదిపినా, బయోస్‌లోకి వెళ్లినా, ఆ చోటు నుంచి కదలకపోతే అది ప్యానెల్ లోపమే. గడుల వరుసల్ని నడిపే చిన్న చిప్పులు పలుచని ఫిల్ములో ఉంటాయి. ఫ్యాక్టరీలో వాటిని వేడితో, ఒత్తిడితో గాజు అంచుకు అతికిస్తారు. ఆ అతుకు లేస్తే మా బల్ల మీది సోల్డరింగ్ ఇనుముతో కుదిరే పని కాదు. సిరా ఒలికినట్టు నల్ల మచ్చ ఉంటే గాజు పగిలింది. బ్యాగులో ఒత్తుకుని తెల్ల మచ్చ పడితే వెనక వెలుగు పరిచే షీట్లు నొక్కుకున్నాయి. ఓఎల్‌ఈడీ తెరల్లో కింది టాస్క్‌బార్ నీడలా ముద్రపడితే ఆ చుక్కలు అరిగిపోయినట్టు. వీటిని ఏ సెట్టింగూ సరిచేయలేదు.

చవక టీఎన్ ప్యానెళ్ల సంగతి వేరు. వాటిని కింది నుంచి చూస్తే రంగులు నల్లబడి తారుమారవుతాయి. మంచం మీద పడుకుని చూసేవాళ్లు తెర పాడైందని కంగారుపడతారు. మూత కోణం సర్దుకుంటే చాలు.

రెండు తెరల మీదా, బయోస్‌లోనూ రంగు గడులు, పిచ్చి గీతలు కనిపిస్తే అనుమానం గ్రాఫిక్స్ చిప్పు మీదికి పోతుంది. 2008 జులైలో కొన్ని ల్యాప్‌టాప్ చిప్పుల ప్యాకేజింగ్ లోపానికి ఎన్విడియా 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. 2011 మ్యాక్‌బుక్ ప్రోలలో బొమ్మ చెదిరిపోయే లోపానికి యాపిల్ 2015 ఫిబ్రవరిలో ఉచిత రిపేరు పథకం తెచ్చింది. ఇలాంటి చిప్పుకు హీట్ గన్‌తో వేడి పెట్టి బాగుచేశామంటే నమ్మవద్దు. కొన్నాళ్లు పనిచేస్తుంది, మళ్లీ అదే లోపం తిరిగొస్తుంది.

మార్చక తప్పకపోతే

భూదాన్ పోచంపల్లి నుంచి ఇక్కత్ చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒకాయన బాధ నాకు బాగా గుర్తు. "అన్నా, చీర ఒక రంగు, స్క్రీన్ మీద ఇంకో రంగు కనబడుతున్నది" అన్నాడు. పగిలిన తెర స్థానంలో ఎక్కడో కొత్తది వేయించాడు. వేసిన తెరలో ఏ లోపమూ లేదు. కానీ మిరపపండు ఎరుపు ఇటుక రంగులా, నెమలికంఠం రంగు బూడిదలో ముంచినట్టు ఉన్నాయి. ఆయన తెర చూసి ఫొటోకు రంగు పెంచుతాడు. కొన్నవాళ్ల ఫోన్లలో అది మరీ భగ్గుమంటుంది. చీర చేతికందాక ఇది ఆ రంగు కాదని తిప్పి పంపిస్తారు.

విప్పి ప్యానెల్ వెనక స్టికర్ చూశాను. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఆ మోడల్‌లో ఉన్నది ఎస్‌ఆర్‌జీబీ రంగులన్నీ దాదాపుగా చూపే ప్యానెల్. ఇప్పుడున్నది ఎన్‌టీఎస్‌సీ అనే రంగుల కొలతలో 45 శాతమే చూపేది. సైజు, రిజల్యూషన్, 30 పిన్నుల కనెక్టర్ అన్నీ ఒకటే కాబట్టి చక్కగా అమరిపోయింది. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీయే నేటికీ ఇంటర్నెట్ బొమ్మలకు కొలబద్ద. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ ప్యానెల్ దాదాపు దానికి సమానం. 45 శాతంది అందులో మూడింట రెండు వంతుల దగ్గరే ఆగిపోతుంది. లేని రంగును కాలిబ్రేషన్ తేలేదు. పాఠాలు చదువుకోవడానికి, లెక్కలు రాసుకోవడానికి 45 శాతంది సరిపోతుంది. చీరలు, ఫొటోలు, అచ్చుపనితో బతికేవాళ్లకు అది సరిపోదు. నాణ్యతలో తేడా ఉన్నప్పుడు ఆ సంగతి ముందే చెప్పడం మా వృత్తి ధర్మం.

తెర ఎక్కువకాలం నిలవాలంటే రెండు పనులు చేయండి. క్లీనింగ్ నీళ్లు తెర మీద నేరుగా కొట్టవద్దు. అవి కింది అంచుకు జారి, అక్కడుండే బోర్డును తడిపి గీతలు తెస్తాయి. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డను కొద్దిగా తడిపి తుడవండి. మూతను ఒక మూల పట్టి లాగకుండా పై అంచు మధ్యలో పట్టుకుని తెరవండి. హింజ్, కేబుల్ రెండూ ఎక్కువకాలం మన్నుతాయి.

రిపేరుకు వెళ్లాల్సి వస్తే బయటి తెర పరీక్ష, మూత కదిపే పరీక్ష మీ కళ్ల ముందే చేయమని అడగండి. ప్యానెల్ మార్చాలంటే పాతదాని వెనక నంబరు, కొత్తదాని నంబరు రెండూ చూపించమనండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పాత ప్యానెల్ మీ సొత్తు, తిరిగి తీసుకోండి. నిజాయితీగా పనిచేసే మెకానిక్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. నొచ్చుకుంటే ల్యాప్‌టాప్ తీసుకుని ఇంకో దుకాణానికి వెళ్లండి.